ఎనిమిది పౌండ్ల రసికుడు

మా మేనల్లుడికి లండన్‌లో సరైన ఇల్లింకా దొరకలేదు గానీ రసికత మాత్రం దిగీదిగగానే దొరికింది. ఈస్ట్‌హామ్‌లో మరో ముగ్గురు కుర్రాళ్లతో ఒకే కొంపలో సర్దుకుంటున్నాడు. బాత్‌రూమ్‌కి వంతులు, ఫ్రిజ్‌లో అరలకు పేర్లు. అలాంటివాడు ఆగస్టు చివర్లో ఆఫీసుకు వారం సెలవు పెట్టి, "ఈ వారమంతా కల్చర్" అని కుటుంబం గ్రూపులో ప్రకటించాడు. గుంటూరులో ఉన్నన్నాళ్లూ వాడికి తెలిసిన కల్చర్ ఒకటే, బెనిఫిట్ షోకి ముందు హీరో కటౌట్‌కి పాలాభిషేకం. ఊళ్లో పరిషత్తు నాటకాలు ఆడుతుంటే, ఆ రోడ్డులో రద్దీగా ఉంటుందని పక్క సందులోంచి బండి పోనిచ్చేవాడు. ఏం మహిమోగానీ, హీత్రూలో దిగిన తెలుగువాడికి సామాను బెల్టు మీదికి రాకముందే అభిరుచి వచ్చేస్తుంది.

వాణ్ణొక్కణ్ణే అనడం అన్యాయం. లండన్‌లో ఆ వారం జరిగిన ప్రదర్శనలన్నిటికీ అసలు ప్రేక్షకులు గుంటూరు బ్రాడీపేటలో ఉన్నారు. వాడు చూసేది మాకు చూపించడానికి, మేం చూసేది ఎదురింటివాళ్లకు చూపించడానికి. ఎదురింటివాళ్లబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వాడు పంపే ఫోటోల్లో కారు, ఇల్లు, మళ్లీ కారు. వాటికి దీటుగా దించడానికి మావాడి దగ్గర కారు లేదు. అందుకని షేక్‌స్పియర్‌ని దించాల్సి వచ్చింది.

మా బావగారికి కళతో పని లేదు, ధరతో పని. పౌండు అప్పట్లో అటూఇటూగా 116 రూపాయల దగ్గర తిరిగేది. ఎవరు పెట్టారోగానీ ముహూర్తం చూసే పెట్టారు. అక్కడ కొడుకు తీసే ప్రతి పౌండూ ఇక్కడ తండ్రికి నూటపదహార్ల చదివింపులా వినిపించేది. మొదటిరోజు వాడు ప్రామ్స్ కచేరీ టికెట్ ఫోటో పెట్టాడు. ఎనిమిది పౌండ్లు. బావగారు క్షణం ఆలస్యం లేకుండా, "అంటే 928. సోఫా సీటా?" అని అడిగారు. "కాదు నాన్నా, నిలబడి వినాలి." గ్రూపు కాసేపు మూగబోయింది. తొమ్మిదొందలు పోసి, కాళ్లు పీక్కుపోతుండగా, మాటల్లేని పాట వినడం మా వంశంలో ఇదే మొదలు.

వాడికి తెలియకపోయినా ఆ ప్రామ్స్ కథ బాగుంటుంది. 1895లో రాబర్ట్ న్యూమన్ అనే ఆయన హెన్రీ వుడ్ అనే కండక్టర్‌ని పెట్టుకుని మొదలుపెట్టాడు. మామూలు జనం కూడా పెద్ద సంగీతం వినాలని చవక టికెట్ పెట్టారు. హాల్లో తినొచ్చు, తాగొచ్చు, చుట్ట కాల్చొచ్చు, అటూఇటూ తిరగొచ్చు. అంటే మన తిరనాళ్ల పద్ధతే. ఆ హాలు 1941లో జర్మన్ బాంబులకు పోయాక కచేరీలు ఆల్బర్ట్ హాల్‌కి మారాయి. ఇప్పుడక్కడ చుట్ట మాట దేవుడెరుగు, దగ్గాలన్నా పాట ఆగేదాకా ఉగ్గబట్టుకోవాలి. 1871లో కట్టిన ఆ హాలుకి ఇంకో వైభవం ఉంది. అందులో 1,200కు పైగా సీట్లు సొంతదార్లవి. కట్టే రోజుల్లో చందా ఇచ్చినవాళ్లకి 999 ఏళ్ల లీజు రాసిచ్చారు. ఇవాళ ఆ సీట్లు చేతులు మారుతుంటాయి, వాటి టికెట్లు మంచి లాభానికి అమ్ముడవుతుంటాయి, పేపర్లలో గొడవలూ అవుతుంటాయి. మన ప్రభుత్వాలు 99 దగ్గరే ఆగిపోతాయి, పాపం. దూరదృష్టి చాలదు.

ఆ సొంతదార్లు సుఖంగా కూర్చున్న గుండ్రటి హాలు మధ్యలో మావాడు నిలబడ్డాడు. నెత్తిన కప్పు నుంచి పుట్టగొడుగుల్లాంటి పళ్లేలు వేలాడుతుంటాయి. హాలు కట్టిన వందేళ్లదాకా ప్రతి స్వరమూ రెండుసార్లు వినిపించేదిట, ఆ ప్రతిధ్వని చంపడానికి 1969లో వేలాడదీశారు. మావాడు వాటిని లైట్లనుకుని నాలుగు ఫోటోలు తీశాడు. సింఫనీలో మొదటి భాగం అయిపోగానే, అంతా అయిపోయిందన్న ఆనందంలో చప్పట్లు కొట్టాడు. ప్రామ్స్‌లో కొత్తవాళ్లు ఇలా కొట్టడం, పాతవాళ్లు పళ్లు కొరకడం మామూలేనట. ఇంకా మూడు భాగాలున్నాయని తెలిశాక వాడి మొహం ఎలా ఉందో స్టేటస్‌లో లేదు. తర్వాత వాయిస్ మెసేజ్ మాత్రం వచ్చింది. "మావయ్యా, హాల్లో అందరూ నావైపే చూశారు!"

మన రంగస్థలం మీద ఈ బాధ లేదు. రాయబారంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం లాగితే, జనం 'వన్స్‌మోర్' అంటే, కురుక్షేత్రం ఆగుతుంది. కృష్ణుడు మళ్లీ మొదటినుంచి పాడతాడు, దుర్యోధనుడు మీసం సర్దుకుంటూ వేచి ఉంటాడు. అలాంటి ప్రేక్షకుల మనవణ్ణి తీసుకెళ్లి, దగ్గితే నేరమయ్యే చోట నిలబెట్టారు. దానికే మురిసిపోయాడు.

మర్నాడు షేక్‌స్పియర్ గ్లోబ్. అక్కడ ఐదు పౌండ్ల నుంచీ టికెట్ దొరుకుతుంది. అదీ నిలబడేదే. తెలివైన దేశం, కాళ్ల బలంతో కళలు నడుపుతోంది. నడిమి పెరడుకి పైకప్పు లేదు. వాన వస్తే తడవాలి, గొడుగు తెరవకూడదు, నేలమీద కూర్చుంటే వచ్చి లేపుతారు. మూడుగంటల నాటకంలో మావాడికి అర్థమైంది విశ్రాంతి ఒక్కటే. ఆ మాట గ్రూపులో ఒప్పుకోగానే బావగారు భగ్గుమన్నారు. "ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియంరా! ఏడాదికి ఎంత కట్టానో తెలుసా? అర్థం కాలేదంటావేం?" ఆయన లెక్కలో షేక్‌స్పియర్ ఫీజులో కలిసే ఉన్నాడు.

ఆ గ్లోబ్‌కి ఊపిరిపోసింది ఇంగ్లండువాడు కాదు, శామ్ వానమేకర్ అనే అమెరికా నటుడు. పరాయిదేశం నుంచి వచ్చినవాడు, ఇంత పెద్ద నాటకకర్త ఆడిన చోట గోడకి ఫలకం తప్ప ఏమీ లేదేమిటని బాధపడి, ఏళ్ల తరబడి జోలె పట్టాడు. 1997లో హాలు తెరిచేనాటికి ఆయన లేడు. పాత గ్లోబ్ 1613లో నాటకం మధ్య పేల్చిన ఫిరంగి రవ్వ గడ్డికప్పుకి అంటుకుని కాలిపోయింది. అంతమందిలో ఒకడి పంట్లాం మాత్రం అంటుకుంటే బీరుతో ఆర్పారని ఆనాటి ఉత్తరమొకటి చెబుతుంది. ఇంత కథ ఉంటే మావాడు పెట్టిన వ్యాఖ్య: "అమేజింగ్ వైబ్స్."

వలస వచ్చినవాడు ఊరికి ఏమైనా చెయ్యొచ్చని వానమేకర్ చూపించాడు. మావాడూ మూడేళ్లు వలసే ఉన్నాడు, హైదరాబాద్‌లో, హైటెక్ సిటీలో. అక్కడికి బిర్యానీ తెప్పించుకునే దూరంలో, లింగంపల్లి దగ్గర సురభివాళ్ల కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలై, తరాల తరబడి ఇంటిల్లిపాదీ నాటకమే బతుకుగా నడుస్తున్న సమాజం. మాయాబజార్ ఆడితే లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోతాయి. కుర్చీ కూడా ఇస్తారు. వెళ్లాడా? వెళ్లలేదు. వెళ్తే మాత్రం ఏం చేసుకుంటాడు, లింగంపల్లి అని లొకేషన్ పెడితే ఎదురింటివాళ్లు కుళ్లుకోరు.

ఈ కళాపోషణలో ఇంకో స్వార్థం ఉందని తర్వాత తెలిసింది. అక్కడ శాశ్వతంగా ఉండిపోవాలంటే ఆ దేశపు జీవితం గురించి పరీక్ష రాయాలి. 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 50 పౌండ్ల ఫీజు, 18 సరైతే పాసు. పాఠ్యపుస్తకంలో షేక్‌స్పియరూ ఉన్నాడు, ప్రామ్సూ ఉన్నాయి. అంటే మావాడు ఆల్బర్ట్ హాల్లో నిలబడింది రసాస్వాదనకీ, స్టేటస్‌కీ, సిలబస్‌కీ, ఒకే టికెట్ మీద. ఎంసెట్ కోచింగ్ ఎక్కడికి పోతుంది?

టేట్ మోడర్న్ గురించి ఎక్కువ చెప్పను. మూతబడ్డ కరెంటు ఉత్పత్తి కేంద్రాన్ని 2000లో ఆర్ట్ గ్యాలరీ చేశారు. మావాడు లోపలి బొమ్మలు చూసి, "మా చెల్లెలు యూకేజీలో ఇంతకంటే బాగా వేసింది" అన్నాడు. ఈ మాట ప్రపంచంలో ప్రతి తెలుగువాడూ ఒక్కసారైనా అనాలి, వాడి వంతు అయిపోయింది. నాకు నచ్చింది మాత్రం వేరే. ఆ గ్యాలరీ పైన ఊరు చూసే వసారా ఉండేది. జనం అక్కడికెక్కి ఊరు మానేసి, పక్కనే ఉన్న గాజు ఫ్లాట్లలో కోటీశ్వరులు కాఫీ తాగడం చూసేవాళ్లు, ఫోటోలూ తీసేవాళ్లు. ఫ్లాటువాళ్లు కేసు పెట్టారు. ఈ సంగతి వినగానే మా అక్క, "అంత పోసి కొన్నవాళ్లు కర్టెన్లు కుట్టించుకోలేరా?" అంది. కింది కోర్టు జడ్జి కూడా సరిగ్గా అలాంటి సలహాయే ఇచ్చాడు. 2023లో సుప్రీంకోర్టు ఫ్లాటువాళ్ల పక్షాన తీర్పిచ్చింది. మా అక్క అభిప్రాయంలో మార్పు లేదు. ఆ భవనంలో మానవజాతి అభిరుచిని ఉన్నదున్నట్టు చూపించిన ప్రదర్శన ఆ వసారా ఒక్కటే.

ఇక లండన్ టవర్. ముప్ఫై పౌండ్లకు పైనే టికెట్. బావగారు అభ్యంతరం చెప్పకపోవడం చూసి అందరం ఆశ్చర్యపోయాం. కారణం కోహినూర్. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువమంది నమ్మే వజ్రం. మా పల్నాటిది! ఎదురింటి డల్లాస్ పక్షానికి ఇక నోరు లేవదు. కానీ ఆ ఆభరణాల గదిలో ఫోటోలు తీయనివ్వరు. పైగా కిరీటాల ముందు కదిలే బెల్టు ఉంటుంది. దాని మీద నిలబడితే అదే మిమ్మల్ని అవతలికి తోసేస్తుంది. తిరుమలలో వాలంటీరు "జరగండి, జరగండి" అనే పనిని అక్కడ మోటారుతో చేయిస్తున్నారు. మావాడు మూడుసార్లు ఎక్కాడట. ఒక్క ఫోటో లేదు.

"వజ్రం పక్కన దిగింది ఏదిరా?"

"తియ్యనివ్వరు నాన్నా."

"అయితే వెళ్లావని ఏమిటి గ్యారంటీ?"

దీనికి మావాడి దగ్గర సమాధానం లేదు. ఆ వారంలో వాడు కళ్లతో మాత్రమే చూసిన వస్తువు అదొక్కటే, అందుకే అది లెక్కలోకి రాలేదు. ఇంతకీ ఆ కొల్లూరు ఇప్పుడు లేదు. పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. ఊరు మునిగినప్పుడు మా ఇంట్లో ఎవరూ గొంతెత్తిన గుర్తు లేదు. వజ్రం వెనక్కి రావాలని మాత్రం బావగారు ప్రతి ఆగస్టు 15కీ టిఫిన్ల దగ్గర ఉద్యమం చేస్తారు.

ఆదివారం నాటింగ్‌హిల్ కార్నివాల్. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. 1958లో ఆ పేటలో కరీబియన్ దీవుల నుంచి పని కోసం వచ్చిన నల్లవాళ్ల మీద తెల్లమూకలు పడి కొట్టాయి. మరుసటేడు జనవరిలో క్లాడియా జోన్స్ అనే ట్రినిడాడ్ ఆడమనిషి, తమవాళ్ల గుండె నిలబెట్టడానికి, గడ్డకట్టే చలిలో టౌన్‌హాలు లోపల కార్నివాల్ పెట్టించింది. 1966 నాటికి వీధి కార్నివాల్ వచ్చేసింది. ఇవాళ రెండురోజులపాటు లక్షల జనం. కోట్ల ఖరీదు ఇళ్లవాళ్లు అద్దాలకు ప్లైవుడ్ చెక్కలు కొట్టుకుని ఊరొదిలి పోతారు. మిగిలిన కొందరు గుమ్మంలో నిలబడి ఇంట్లో మరుగుదొడ్డి అద్దెకిస్తారు. దెబ్బలు తిన్నవాళ్ల పిల్లలు వీధిని తీసేసుకున్నారు, కొట్టినవాళ్ల పిల్లలు వాళ్ల వెనకాల డాన్సు కడుతున్నారు.

మావాడు అక్కడ ముప్పావుగంట ఉన్నాడు. "టూ మచ్ క్రౌడ్, టూ మచ్ సౌండ్" అని పెట్టి వెళ్లిపోయాడు. డీజే పెట్టకుండా వినాయకుణ్ణి నీళ్లలో కలపని వంశమిది. ప్రామ్స్‌లో అర్థం కాకపోయినా గంటన్నర నిలబడినవాడు, డప్పు మీద దెబ్బ పడితే ఒళ్లు కదిలే పాట దగ్గర ముక్కు చిట్లించాడు. ఏ కళ ముందు నిలబడాలి, ఏ కళ ముందు చిట్లించాలి అన్నది వాడు విమానంలోనే నేర్చుకున్నట్టున్నాడు. తనూ ఆ కరీబియన్ వాళ్లలాగే పని కోసం వచ్చినవాణ్ణేనని వాడికి తట్టలేదు. మా అక్క ఆ వీడియో రెండుసార్లు పూర్తిగా చూసి, "అవేం బట్టలమ్మా" అని, మూడోసారి చూసింది.

బ్రిటిష్ మ్యూజియం వాడి జాబితాలో చివరిది. ఉచితమని. ఉచితమనగానే బావగారికి అనుమానం వచ్చింది. ఆయన అనుమానం నిజమే. వీసా ఇచ్చేటప్పుడే ఆరోగ్యం పేరుతో ఏడాదికి 1,035 పౌండ్లు ముందే గుంజుకున్న దేశం, బొమ్మలు చూడ్డానికి డబ్బులడక్కపోవడం మర్యాదే. మావాడు వాష్‌రూమ్ వెతుక్కుంటూ 33ఏ గదిలోకి వెళ్లి, అక్కడినుంచి పెట్టిన సందేశం మా గ్రూపులో భూకంపం తెచ్చింది. "మావయ్యా, ఇక్కడ అమరావతి ఉంది!"

మొదట అందరూ ప్లాట్ల గురించనుకున్నారు. మా గ్రూపులో అమరావతి అనగానే గజం ఎంత అని అడగడం రివాజు. ఫోటోలొచ్చాక అర్థమైంది. గాజుగోడ వెనక, వేడీ తేమా లెక్కగట్టిన గదిలో, మన పల్నాటి సున్నపురాయి. ఒక పలక మీద స్తూపం బొమ్మ చెక్కి ఉంది. గుమ్మటం, దండలు, సింహాలు, ఆకాశం నుంచి దిగే దేవతలు. అసలు స్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనం ఊహించుకోవాలంటే అలాంటి పలకలే గతి.

"దొంగలు!" అన్నారు బావగారు. పదహారుమంది బొటనవేళ్లు పైకెత్తారు. నేనూ ఎత్తాను. దొంగలే, సందేహం లేదు. కానీ దొంగ రాకముందు ఇంట్లోవాళ్లు ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చారు. కొత్త రాజధానికి ఇటుకలూ రాళ్లూ కావాలి. పక్కనే దిబ్బ ఉంది. తవ్వారు. స్తూపం రాళ్లు మెట్లయ్యాయి, గోడలయ్యాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. నడిమధ్యలో చెరువు తవ్వారు. ఆ వార్త విని కల్నల్ మెకంజీ వచ్చి చూసి, తర్వాత బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ మిగిలినవి తవ్వించి మద్రాసు పంపితే, అక్కడ ఏళ్లతరబడి ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కి లండన్ చేరితే, అక్కడ మాత్రం హారతి పట్టారా? గుర్రపుబళ్ల షెడ్డులో పడేశారు. 1880లోగానీ బ్రిటిష్ మ్యూజియానికి చేరలేదు. అదే ఏడు మద్రాసు గవర్నరుగారు మిగిలిన స్తూపాన్ని కూడా పూర్తిగా తవ్వెయ్యమని సెలవిచ్చారు. రాజధాని కట్టడానికి ఒకడు, ఉద్ధరించడానికి ఇంకొకడు, శుభ్రం చెయ్యడానికి మరొకడు. తలా ఒక చెయ్యి వేశారు.

బావగారు ప్రతి కార్తీకంలో అమరలింగేశ్వరుడి దర్శనానికి కారేసుకుని వెళ్తారు. స్తూపం అక్కడికి నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. పక్కనే పురావస్తుశాఖ మ్యూజియం. ఇన్నేళ్లలో అటు తిరగలేదు. ఎండట. కార్తీకమాసంలో.

వారం ముగిసింది. ఈ అనుభవంతో మావాణ్ణి అక్కడి తెలుగు సంఘం సాంస్కృతిక కమిటీలో వేసుకుంది. వారంలో ఇన్ని చూసినవాడు వాళ్లలో ఇంకొకడు లేడట. వినాయకచవితికి బడి హాలు అద్దెకు తీసుకున్నారు. ఆరింటికల్లా ఖాళీ చెయ్యాలి, కర్పూరం వెలిగిస్తే పొగ అలారం మోగుతుంది. కార్యక్రమాల పట్టిక నాకూ పంపాడు. కూచిపూడి ఎనిమిది నిమిషాలు, సినిమా పాటలకు డాన్సులు గంటన్నర, ముఖ్య అతిథిగా మన ఎమ్మెల్యేగారి వీడియో ప్రసంగం, పులిహోర, లక్కీడ్రా. ఈ హాల్లో సీట్లు కూడా ఉన్నాయి. అయితే ఎవరూ కూర్చోరు. పిల్లలు ఎగిరినంతసేపూ తల్లిదండ్రులు లేచి ఫోన్లు పైకెత్తి నిలబడతారు. వెనకవాళ్లకి స్టేజీ కనబడదు, ముందువాళ్ల తెరల్లో కనబడుతుంది. గ్లోబ్ వాళ్లు చూస్తే ఒక్కొక్కరి దగ్గరా ఐదు పౌండ్లు వసూలు చేసుకుంటారు.

స్టేజీ వెనక 'మన అమరావతి' అని పెద్ద ఫ్లెక్సీ కట్టాలన్నది మావాడి ఆలోచన. అక్కడ అచ్చేయిస్తే పౌండ్లవుతాయి, గుంటూరులో అచ్చేయించి, వచ్చేవాళ్లెవరి సూట్‌కేసులోనైనా ఆవకాయ జాడీకి చుట్టి పంపమన్నాడు. "మావయ్యా, నీకు దగ్గరే కదా, ఓసారి స్తూపం దాకా వెళ్లి మంచి ఫోటో తీసి పెట్టు." దగ్గరే. అయినా ఇప్పుడక్కడ మిగిలింది గుండ్రటి మట్టి అరుగు, దాని అంచున కొన్ని పలకలు. ఫ్లెక్సీకి నిండుదనం రాదు. పైగా బస్సు. వాడు బ్రిటిష్ మ్యూజియంలో తీసిన ఫోటోయే అరండల్‌పేటలో ఫ్లెక్సీ కుర్రాడి నంబరుకి పంపించాను. గాజు మీద పడ్డ మావాడి నీడ చెరిపేసి, రంగులు బిగించి, బాగానే తయారుచేశాడు.

"సార్, మన నాయకుల ఫోటోలు ఎక్కడ వెయ్యమంటారు?"

అది నాకు తట్టలేదు. ఎమ్మెల్యేగారు ఉంటే ఎంపీగారు ఉండాలి, ఎంపీగారు ఉంటే పైవాళ్లు ఉండాలి, సంఘం అధ్యక్షుడికీ మొహం ఉంది. ఎనిమిదైనా పడాలి. ఖాళీ ఎక్కడుందని అడిగాను.

"నడిమధ్యలో ఈ గుండ్రటి గుడిలాంటిది అడ్డం సార్. దీన్ని చిన్నది చేసి ఓ పక్కకి జరిపితే అందరూ పడతారు."

జరపమన్నాను.